తుంటి ఆపరేషన్ అయ్యాక అమ్మను నడిపించాలా, పడుకోబెట్టాలా?

తెనాలి పద్మ:
అమ్మకి 74. బాత్రూంలో జారిపడి తుంటి విరిగితే ఆ కీలులో విరిగిన బాల్ (తొడ ఎముక పైనుండే గుండ్రటి తల) తీసి కృత్రిమ బాల్ వేశారు. పోయిన వారం ఇంటికి తెచ్చాం. డిశ్చార్జ్ కాగితంలో "వాకర్‌తో నడక, ఫిజియో" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. మా పెద్దమ్మేమో అతుకు ఊడుతుందని మంచం దిగనివ్వట్లేదు. పప్పు, గుడ్డు పెడితే చీము పడుతుందట, రోజూ చారన్నమే. రాత్రయితే అమ్మ చనిపోయిన తాతయ్యతో మాట్లాడుతోంది. తాయెత్తు కట్టించమంటున్నారు. ఒకటే టెన్షన్.

శ్రీను (ఫిజియో):
బరువు మోపొద్దని సర్జన్ ప్రత్యేకంగా చెప్పారా? లేకపోతే నడిపించాల్సిందే. బాల్ మార్చాక అక్కడ అతుక్కోవాల్సిన ఎముకే లేదు, ఇక ఊడేదేముంది? ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ కాలు, ఆ తర్వాత మంచి కాలు. నిలబడి చేతులు వేలాడేస్తే వాకర్ పిడి మణికట్టు దగ్గరికి రావాలి.

విజయక్క, రిటైర్డ్ స్టాఫ్ నర్సు:
పద్మా, మీ పెద్దమ్మతో పోట్లాడకు, అమ్మను నడిపించేటప్పుడు ఆవిడనే పక్కన నిలబెట్టు. నా సర్వీసంతా ఆర్థో వార్డే. నడిచి చెడినవాళ్లకన్నా మంచానికి అంటుకుపోయి వీపు పుండ్లు, న్యుమోనియా తెచ్చుకున్నవాళ్లే ఎక్కువ. చీము పప్పుతో రాదమ్మా, క్రిములతో వస్తుంది. పప్పు, గుడ్డు, పెరుగు పెట్టకపోతే కరిగిన కండ మళ్లీ ఎలా పడుతుంది?

రాత్రి మాటలు గాలీ ధూళీ కాదు. ఈ వయసులో ఆపరేషన్ తర్వాత తికమకపడటం తరచూ చూసేదే, అలాగని వదిలేయకు. యూరిన్ ఇన్ఫెక్షన్ కావచ్చు, సోడియం తగ్గి ఉండొచ్చు, నొప్పి మాత్రల వల్లో మలబద్ధకం వల్లో కావచ్చు. రేపే డాక్టరుకి చూపించు. పగలు కళ్లజోడు పెట్టి కిటికీ దగ్గర కూర్చోబెట్టు, కబుర్లు చెప్పు.

నులక మంచం ఉంటే తీసెయ్. కుంగిపోయి మోకాళ్లు తుంటి కన్నా పైకి లేస్తాయి, బాల్ జారే ప్రమాదం. నేల మీద కూర్చోవడం కూడా వద్దు. కమోడ్ కుర్చీ కొను. పిక్క వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు.

తెనాలి పద్మ:
థాంక్స్ అక్కా. ఫిజియోని రోజూ ఇంటికి పిలిపించే స్తోమత లేదు.

విజయక్క:
జిల్లా ఆసుపత్రి ఫిజియోథెరపీలో అడుగు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేసినా దగ్గర్లో ఏముందో చెప్తారు. కుట్లు చూపించడానికి వెళ్లినప్పుడు ఎముకలు గుల్లబారకుండా మందేమైనా కావాలా అని నువ్వే అడుగు. ఆపరేషన్ హడావిడిలో అందరూ మరిచేది అదే, రెండో తుంటి కూడా విరిగి మళ్లీ వార్డుకొచ్చినవాళ్లని చూశాను.