మేనేజర్ మీద ఎండీ గారికి చెప్పాలా, నోరు మూసుకుని పని చేసుకోవాలా?

మొగల్తూరు అమ్మాయి:

అందరికీ నమస్కారమండి. నా పేరు, కంపెనీ పేరు అడగొద్దు. భీమవరం చుట్టుపక్కల ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ కంట్రోల్‌లో చేస్తున్నాను. పని నాకిష్టమే. ఐసు నీళ్లలో చేతులు మొద్దుబారిపోతాయి, బట్టలు ఎంత ఉతికినా వాసన వదలదు, పెళ్లిచూపులుంటే మా అమ్మ ముందు రోజు నుంచే సెలవు పెట్టిస్తుంది. అయినా ఇష్టమే.

గొడవంతా మా ప్రొడక్షన్ మేనేజర్ గారితో. నోరు పెద్దది. పీలింగ్ టేబుళ్ల దగ్గర ఆడవాళ్లందరూ చూస్తుండగా "ఏమ్మా కలెక్టరమ్మా, సంతకానికి ముహూర్తం చూడాలా?" అంటారు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి రేపటి లోడు గురించి తిడతారు. ఇది ఆయన నైజం, అలవాటైపోయింది.

అలవాటు కానిది ఇంకోటుంది. మొన్న విశాఖ పోర్టుకి కంటైనర్ బయల్దేరాల్సిన రోజు, ప్లేట్ ఫ్రీజర్ లోంచి తీసిన గడ్డకట్టిన రొయ్యల బ్లాకుకి డ్రిల్‌తో కన్నం పెట్టి థర్మామీటర్ ముల్లు దింపాను. మైనస్ 14 దగ్గర ఆగింది. మైనస్ 18కి దిగకుండా ప్యాకింగ్‌కి పంపకూడదు. "రాసెయ్, కోల్డ్ స్టోర్‌లో అదే దిగుతుంది" అన్నారు. నేను రాయలేదు. షీటు లాక్కుని, కొత్తగా చేరిన ట్రైనీ కుర్రాడి చేత మైనస్ 18 రాయించారు. పాపం వాడికేం తెలుసు. కింద షిఫ్ట్ ఇన్‌చార్జి అని ఉన్నది మాత్రం నా పేరు. అప్పట్నుంచి నాకు వరసగా నైట్ షిఫ్టులే.

ఇంకో సంగతి. మా వైపు నుంచి వ్యాన్లలో వచ్చే ఆడవాళ్లు లోడు లేటైతే రాత్రి పది దాకా ఉంటారు. రిజిస్టర్‌లో మాత్రం ఆరింటికే వెళ్లిపోయినట్టు ఉంటుంది. వాళ్లలో కొందరిని చేర్పించింది నేనే.

ఎండీ గారికి చెబుదామంటే, మా మేనేజర్ ఆయనకి తోడల్లుడు. హెచ్‌ఆర్ అని ఒకాయన ఉన్నారు గానీ ఆయన అటెండెన్సూ క్యాంటీన్ టోకెన్లూ చూసుకుంటారంతే. పైగా మా నాన్న కౌలు చెరువు రొయ్యలు ఏజెంట్ ద్వారా ఈ ప్లాంటుకే వస్తాయి. మొన్నటి పట్టుబడి డబ్బులు ఇంకా చేతికి రాలేదు. నాన్న "ఊరుకో అమ్మా" అంటున్నారు. నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

గోదారోడు:

తోడల్లుడి మీద తోడల్లుడికి చెప్తారా? ఆయ్, చెప్పండి. సంక్రాంతికి ఇద్దరూ ఒకే బరి దగ్గర పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటారు, మీ కంప్లైంట్ అక్కడ చదువుకుని నవ్వుకుంటారు. మన జిల్లాలో ప్లాంట్లకేం కరువండీ? బయోడేటా రెడీ చేసుకోండి.

పాత క్యూసీ:

అమ్మాయ్, నేను ఈ లైనులోనే చేసి రిటైరయ్యాను. నీ మెసేజ్‌లో మూడు ఫిర్యాదులు కలిసిపోయాయి. మూడూ ఒకేసారి చెబితే ఎండీకి మొదటిదే వినిపిస్తుంది, అంటే అరుపులు. "వాడి నోరు అంతేలే అమ్మా" అని టీ ఇచ్చి పంపిస్తాడు. కాబట్టి అరుపుల ఊసే ఎత్తకు.

టెంపరేచర్ షీటు సంగతి వేరు. అది హ్యాసప్ రికార్డు, అంటే తిండి సరుకు చెడిపోకుండా ఏ దశలో ఏం కొలిచారో రాసే కాగితం. బయ్యర్ తరఫున ఆడిటర్లు వచ్చినా, ఎక్స్‌పోర్ట్ ఇన్‌స్పెక్షన్ ఏజెన్సీ వాళ్లు వచ్చినా ముందు అడిగేది అదే. ఫ్రీజర్ కంప్యూటర్‌లో గ్రాఫ్ ఒకటి, షీటులో అంకె ఇంకొకటి ఉంటే అడిగే మొదటి ప్రశ్న "ఇది రాసిందెవరు?" అని. అప్పుడు మీ మేనేజర్ ఊళ్లో ఉండడు. సరుకు బాగా గడ్డకట్టకుండా వెళ్లి అవతల రిజెక్టయితే రానూపోనూ కిరాయితో సహా నష్టం ఎవరిది? మేనేజర్ తోడల్లుడే కావచ్చు, కంటైనర్ మాత్రం ఎండీ గారి సొంతం. ఆయన దగ్గరికి వెళితే మనిషి గురించి కాదు, కంటైనర్ గురించి మాట్లాడు. "సార్, ఈ లాటు షీటులో అంకె నేను కొలిచింది కాదు, ఆడిట్‌లో ఇబ్బంది వస్తుందని చెబుతున్నా" అను. అంతకు మించి ఒక్క మాట వద్దు.

ముందు నీ పేరు కాపాడుకో. ఫ్లోర్ మీదికి ఫోన్ రానివ్వరు కాబట్టి ఫోటోల ఆశ వదిలెయ్. షీటులో రిమార్క్స్ కాలమ్ ఉంటుంది, ఎవరూ దాని మొహం చూడరు. కొలిచింది అందులో టైముతో సహా పెన్నుతో రాయి. డ్యూటీ దిగాక మేనేజర్‌కే ఆఫీసు మెయిల్ పెట్టు. "సార్, ఫలానా లాటు ఇన్ని గంటలకు మైనస్ 14 వచ్చింది, మీరు ప్యాకింగ్‌కి పంపమన్నారు, అందుకని తెలియజేస్తున్నాను." తిట్టు ఉండకూడదు, ఏడుపు ఉండకూడదు. ఆయన జవాబివ్వకపోయినా పరవాలేదు, తేదీ ఉంటుంది.

పాలకొల్లు అక్క:

చెల్లీ, ఆ ఆడవాళ్ల ఓవర్‌టైమ్ గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్‌కి మామూలు కూలికి రెట్టింపు ఇవ్వాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉన్న రూలే, కొత్త లేబర్ కోడ్‌లోనూ అదే ఉంది. అయితే వాళ్లని అడక్కుండా వాళ్ల తరఫున నువ్వు ఫిర్యాదు చేయకు. రేపు వ్యాను ఆపేస్తే పని పోయేది వాళ్లకి. ముందు కూర్చోబెట్టి అడుగు. వాళ్లు సరేనంటే ఏ రోజు ఎన్నింటికి దిగారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోమను. లేబర్ ఆఫీసులో ముందు అడిగేది అదే.

ఇంకో మాట, సిగ్గుపడకుండా చెప్పు. ఆయన ఆడవాళ్లతో అసభ్యంగా మాట్లాడతాడా? మాట్లాడితే అది పూర్తిగా వేరే దారి. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. దానికి ఆడమనిషే అధ్యక్షురాలు, బయటి మనిషి ఒకరు ఉండాలి. జరిగిన మూడు నెలల్లోపు రాసివ్వాలి. తోడల్లుడు గీడల్లుడు అక్కడ పనిచేయదు.

మొగల్తూరు అమ్మాయి:

నాతో అలా లేదక్కా. కానీ రెండో టేబుల్ దగ్గర ఒకావిడ చీర గురించి ఒక మాట అన్నారు, ఇక్కడ రాయలేను. ఆవిడ నవ్వేసి తల దించుకుంది. కమిటీ పేర్లు గేటు దగ్గర బోర్డు మీద ఉన్నాయి. అందులో ఒకరు ఎప్పుడో మానేశారు.

పాలకొల్లు అక్క:

ఆవిడకి కమిటీ ఉందని చెప్పు, అంతవరకే. రాయాలా వద్దా అనేది ఆవిడ ఇష్టం. తనే రాసుకోలేనంటే కమిటీ వాళ్లు సాయం చేయాలని కూడా చట్టంలో ఉంది.

కాళ్ళకూరు రైతు:

నేను రొయ్యల రైతునమ్మా. అందరూ చట్టాలు చెబుతున్నారు గానీ మీ నాన్నగారి పేమెంట్ మాట ఎవరూ ఎత్తలేదు. ముందు అది రాబట్టుకోండి. కాటా చీటీలు, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయో, అది పెరిగితే రేటు తగ్గుతుంది) ఎంత కట్టారో ఆ కాగితం నాన్నగారి దగ్గర ఉన్నాయా? నోటి మాట మీద సరుకు ఎత్తితే, మీరు ఎండీ గదిలోకి అడుగుపెట్టిన మర్నాడే 40 కౌంట్ కాస్తా 50 అయి కూర్చుంటుంది. ఏజెంట్‌తో మీరు మాట్లాడొద్దు, నాన్నగారినే మాట్లాడనివ్వండి. వచ్చే పంటకి వేరే ఏజెంట్‌ని చూసుకోమనండి. ఉద్యోగం ఒక చోట, సరుకు అదే చోట ఉంటే మీ జుట్టు వాళ్ల చేతిలో ఉన్నట్టే.

గోదారోడు:

లేదా సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్లి అర్జీ ఇచ్చేయండి. మీరు రసీదు తీసుకునేలోపే ఎండీ గారికి ఫోన్ వెళ్తుంది. కనీసం స్పీడుగా అయినా అవుద్ది.

పాత క్యూసీ:

ఈయన మాటలకేం గానీ, బయటికి వెళ్లే ముందు లోపల చెప్పినట్టు కాగితం ఉండాలమ్మాయ్. అందుకే ఆ మెయిల్.

మొగల్తూరు అమ్మాయి:

అందరికీ థాంక్సండి. నాన్న దగ్గర చీటీలన్నీ ఉన్నాయి, రేకు పెట్టెలో పెట్టారట. ఏజెంట్ శుక్రవారం ఇస్తానన్నాడు. డబ్బులు అకౌంట్‌లో పడ్డాక ఎండీ గారిని కలుస్తాను, కంటైనర్ గురించి మాత్రమే. ఓవర్‌టైమ్ సంగతి మా ఊరి వాళ్లని ఆదివారం అడుగుతాను. ఒకావిడ ఇప్పటికే "రాసుకోవడం ఎందుకమ్మా, నాకన్నీ గుర్తే" అంది, ఆవిడకి నచ్చజెప్పాలి. ట్రైనీ కుర్రాడికి కూడా చెప్పాను, కొలవని అంకె రాయొద్దని.

మెయిల్ నిన్న రాత్రే పెట్టేశాను. పొద్దున చూస్తే మేనేజర్ గారి దగ్గర్నుంచి ఒక్కటే మాట, "ఓకే". చదివారో లేదో కూడా అనుమానమే. పాత క్యూసీ గారూ, అది సరిపోతుందా?

పాత క్యూసీ:

బ్రహ్మాండంగా సరిపోతుంది. మెయిలూ, జవాబూ కలిపి ఈరోజే ప్రింట్ తీసి ఇంట్లో పెట్టుకో. ఎండీని కలిసిన సాయంత్రానికి నీ ఆఫీసు మెయిల్ తెరుచుకోకపోవచ్చు.