గ్రీన్‌కార్డ్ మీద వచ్చిన అమ్మానాన్నలకి మార్కెట్‌ప్లేస్ ప్లాన్ కొనాలా, విజిటర్ ఇన్సూరెన్స్ చాలా?

డాలస్_వెంకీ:
అమ్మానాన్నలు ఇమిగ్రెంట్ వీసా (గ్రీన్‌కార్డ్ వచ్చే వీసా) మీద పోయిన నెలే అమెరికాలో దిగారు. నాన్నకి 68. షుగర్ ఉంది, నాలుగేళ్ల కిందట గుండెకి స్టెంట్ వేశారు. అమ్మకి 63, థైరాయిడ్, మోకాళ్ల నొప్పులు. మా కంపెనీ ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రుల్ని చేర్చుకోరు. 65 దాటినవాళ్లకి ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్ మెడికేర్‌కి ఐదేళ్లు ఆగాలి. ప్రభుత్వం నడిపే ఇన్సూరెన్స్ మార్కెట్‌ప్లేస్ సైట్ హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో చూస్తే ఇద్దరికీ కలిపి నెలకి రెండు వేల డాలర్లకి పైనే. గూబ గుయ్యిమంది. ఫ్రెండ్స్‌లో సగం మంది విజిటర్ ఇన్సూరెన్స్ పడేసి ఊరుకో అంటున్నారు. మా ఆవిడ వద్దంటోంది. ఒకవేళ కొంటే బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ రకాల్లో (కంపెనీ భరించే వాటా బ్రాంజ్‌లో తక్కువ, గోల్డ్‌లో ఎక్కువట) ఏది నయం?

సాగర్_ఆస్టిన్:
నేనైతే కొనను బ్రో. ఏడాదికి పాతిక వేల డాలర్లు ప్రీమియంకే పోతాయి, డిడక్టిబుల్ (కంపెనీ ఇవ్వడం మొదలెట్టేలోపు మనం పెట్టుకోవాల్సిన మొత్తం) దాటేదాకా జేబులోంచి పెట్టేది వేరే. అందులో నాలుగో వంతు కూడా కాదు విజిటర్ ఇన్సూరెన్స్. మోకాళ్ల ఆపరేషన్ లాంటివి హైదరాబాద్ వెళ్లి చేయించుకురావచ్చు. మా వాళ్లు మూడేళ్లుగా ఇలాగే ఉన్నారు. ఏం కాలేదు.

శాంతి_ప్లేనో:
ఏం కాలేదంటే మీ అదృష్టం సాగర్ గారూ, అది వెంకీ గారి నాన్నగారికి పనికిరాదు. నేను హాస్పిటల్ బిల్లింగ్‌లో పనిచేస్తాను. స్టెంట్ ఉన్నాయన ఛాతీ నొప్పితో వస్తారు. విజిటర్ పాలసీలో పాత జబ్బులకి మామూలుగా డబ్బు రాదు. ఉన్నట్టుండి ముదిరితేనే ఇస్తామని ఒక క్లాజు ఉంటుంది. దానికీ 24 గంటల్లో చికిత్సకి రావాలి, అంతకుముందు ఏ లక్షణమూ కనబడి ఉండకూడదు, ఇలాంటి షరతులు. ఇన్సూరెన్స్ కంపెనీ ఇండియా రికార్డులన్నీ అడుగుతుంది. రెండ్రోజులుగా కాస్త ఆయాసంగా ఉందని పెద్దాయన ఈఆర్‌లో (ఎమర్జెన్సీ వార్డు) నర్సుతో అన్న మాట చార్టులో ఉంటుంది. అక్కడే క్లెయిమ్ ఆగిపోతుంది. ఒకవేళ ఇచ్చినా ప్రాణాపాయం తప్పేవరకే. తర్వాతి చెకప్‌లు, మందులు, రీహాబ్ మీవే. 70 దాటితే ఆ క్లాజులో ఇచ్చే మొత్తం కూడా బాగా తగ్గుతుంది. పైగా ఈ పాలసీలు చుట్టపుచూపుగా వచ్చిపోయేవాళ్ల కోసం రాసినవి. ఇక్కడ స్థిరపడ్డవాళ్లకి వర్తిస్తాయో లేదో ముందు చదవండి.

మార్కెట్‌ప్లేస్ ప్లాన్ అయితే 2014 నుంచి జబ్బు ఉందని కాదనడానికి లేదు, జబ్బు ఉందని ఎక్కువ వసూలు చేయడానికీ లేదు. ధర వయసుని, ఊరిని, పొగతాగే అలవాటుని బట్టి మారుతుంది, అంతే. ఆ వయసు వల్లే మీకు అంత రేటు. చాలా రాష్ట్రాల్లో 64 దాటినవాళ్ల దగ్గర 21 ఏళ్లవాళ్లకి మూడు రెట్లు తీసుకోవచ్చు.

రాజు_భీమవరం:
ప్రీమియంకి ప్రభుత్వ సబ్సిడీ రాదా అన్నా? మా పెదనాన్న వాళ్లకి 2023లో ప్రీమియం దాదాపు సున్నా పడింది.

లెక్కల_మూర్తి:
ఆ రోజులు పోయాయి రాజూ. అప్పట్లో గ్రీన్‌కార్డ్ వచ్చి ఐదేళ్లు కానందువల్ల మెడికెయిడ్ (పేదలకి ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్) రానివాళ్లకి, ఆదాయం పేదరిక రేఖ కన్నా తక్కువున్నా సబ్సిడీ ఇచ్చేవారు. 2025 జూలై 4న సంతకమైన చట్టం దాన్ని 2026 నుంచి తీసేసింది. 2021లో పెంచిన అదనపు సబ్సిడీలు కూడా 2025తో ముగిశాయి. 2026 ప్లాన్లకి ఇద్దరున్న కుటుంబానికి ఆదాయం 21,150 డాలర్ల నుంచి 84,600 మధ్య ఉంటేనే సబ్సిడీ. అది కూడా అమ్మానాన్నలు సొంతంగా, ఇద్దరికీ కలిపి జాయింట్ టాక్స్ రిటర్న్ వేస్తేనే. వెంకీ తన రిటర్న్‌లో వాళ్లని డిపెండెంట్లుగా చూపిస్తే అతని ఆదాయమే లెక్కలోకి వస్తుంది. ఐదుగురున్న ఇంటికి సబ్సిడీ గీత 150,600 దగ్గర. వెంకీ, వాళ్లావిడ ఇద్దరూ సాఫ్ట్‌వేర్ అయితే ఆశ వదులుకోవడమే.

రాజు_భీమవరం:
అయితే అప్లికేషన్‌లో ఆదాయం 22 వేల డాలర్లని రాసేస్తే పోలా?

లెక్కల_మూర్తి:
పోదు. ఆ ఫారం కింద అబద్ధం చెబితే శిక్షకి సిద్ధమని సంతకం చేస్తారు. కొత్తగా గ్రీన్‌కార్డ్ వచ్చినవాళ్ల చేత అలాంటి సంతకం పెట్టిస్తామా? నిజంగా ఆదాయం ఉంటే వేరే సంగతి. ఇండియా పెన్షన్, ఇంటద్దె, ఎఫ్‌డీ వడ్డీ కూడా ఇక్కడ ఆదాయమే. అన్నీ కలిపి ఇరవై లక్షల రూపాయల దరిదాపుల్లో ఉంటే సీపీఏని (టాక్స్ అకౌంటెంట్) కలవండి. అంచనా తప్పి సబ్సిడీ ఎక్కువొచ్చిందనుకోండి, 2026 నుంచి మొత్తం తిరిగి కట్టాలి. ఇంతకుముందు తక్కువ ఆదాయం వాళ్లకి కొంత మినహాయింపు ఉండేది.

డాలస్_వెంకీ:
నాన్న పెన్షన్ అంత లేదు మూర్తి గారూ. పైగా వాళ్లు మా డిపెండెంట్లే. అంటే పూర్తి ధరే. అందరూ సిల్వర్ తీసుకో అంటారు కదా, మరి సిల్వరేనా?

లెక్కల_మూర్తి:
మీకు సిల్వర్ అసలు వద్దు. డిడక్టిబుల్ తగ్గించే ప్రత్యేక సాయం సిల్వర్‌లోనే ఉంటుంది కాబట్టి అందరూ అలా చెబుతారు. అది ఆదాయం పేదరిక రేఖకి రెండున్నర రెట్ల లోపు ఉన్నవాళ్లకే. 2017 అక్టోబరులో ప్రభుత్వం ఆ సాయం డబ్బుని కంపెనీలకి ఇవ్వడం మానేసింది. కంపెనీలు ఆ ఖర్చుని సిల్వర్ ప్రీమియంలో కలిపేశాయి. అంటే ఆ సాయం రానివాళ్లు సిల్వర్ కొంటే ఊరికే ఎక్కువ కట్టినట్టే. మన టెక్సాస్‌లో చాలా కౌంటీల్లో గోల్డ్ ధర సిల్వర్ కన్నా తక్కువ కనబడుతుంది. వెబ్‌సైట్ తప్పు కాదది.

ఇంకో మాట. ఇద్దరూ ఒకే ప్లాన్‌లో ఉండాలన్న రూలేం లేదు. నాన్నగారికి గోల్డ్, అమ్మగారికి బ్రాంజ్ విడివిడిగా తీసుకోండి. 2026లో ఏ ప్లాన్ అయినా ఒక మనిషికి నెట్‌వర్క్‌లో (కంపెనీతో ఒప్పందమున్న డాక్టర్లు, ఆసుపత్రుల దగ్గర) ఏడాదికి 10,600 డాలర్లకి మించి జేబులోంచి పెట్టించకూడదు. బ్రాంజ్‌లో దాదాపు అంతా మీరే పెట్టాల్సి రావచ్చు. జబ్బుల్ని ముందే పట్టడానికి చేసే చెకప్‌లు, టీకాలు మాత్రం నెట్‌వర్క్‌లో అయితే దేంట్లోనైనా ఉచితమే.

కవిత_హ్యూస్టన్:
గోల్డా సిల్వరా అని ఇంత చర్చ చేస్తున్నారు గానీ, నన్నడిగితే నెట్‌వర్క్ ముందు చూడాలి. టెక్సాస్ మార్కెట్‌ప్లేస్‌లో దొరికేవి ఎక్కువగా హెచ్‌ఎమ్‌ఓ, ఈపీఓలే, అంటే నెట్‌వర్క్ బయటి డాక్టర్లకి మామూలుగా డబ్బివ్వని ప్లాన్లు. మా అత్తగారికి కార్డియాలజిస్ట్ కోసం ఫోన్ చేస్తే కంపెనీ పేరు చెప్పగానే "తీసుకుంటామండీ" అన్నారు. తీరా వెళ్లి కార్డ్ చూపిస్తే ఈ ప్లాన్ కాదు, ఆఫీసుల వాళ్లిచ్చే ప్లానే తీసుకుంటామన్నారు. కంపెనీ ఒకటే, కార్డ్ రంగు ఒకటే, నెట్‌వర్క్ వేరు. ప్లాన్ పేరు పూర్తిగా, ఆ హెచ్‌ఎమ్‌ఓ అన్న ముక్కతో సహా చదివి వినిపించి అడగండి. షుగర్ మందులు వాళ్ల లిస్టులో ఏ టైర్‌లో (ధర మెట్టు) ఉన్నాయో కూడా చూసుకోండి. రేట్ల కోసం గూగుల్‌లో వెతికి ఏదో సైట్‌లో ఫోన్ నంబర్ ఇచ్చారో, ఇక రోజంతా కాల్సే. డాట్ గవ్ అని ఉందో లేదో చూడండి.

సాగర్_ఆస్టిన్:
అన్నీ ఒప్పుకుంటా శాంతి గారూ. కానీ మెడికేర్ వచ్చేదాకా ఐదేళ్లు, అంటే లక్షా పాతిక వేల డాలర్లు. మా పిల్లాడి కాలేజీ డబ్బు అది. గుండె జబ్బు ఉన్న మనిషిని అసలు ఇక్కడికి తెచ్చుకుని ఉంచాలా అన్నది ఎవరూ అడగరేం? ఈఆర్ వాళ్లు డబ్బు లేదని పంపేయకూడదు, 1986 నుంచి చట్టం ఉంది. ఐదేళ్లు దాటితే మెడికేర్ ఫ్రీ.

శాంతి_ప్లేనో:
పంపేయరు, బిల్లు వేస్తారు. ఆ చట్టం రోగి పరిస్థితి నిలకడపడేవరకే, బైపాస్ తర్వాత వార్డులో ఎన్నాళ్లుండాలో దాంట్లో లేదు. అక్కడి నుంచే బిల్లు తడిసి మోపెడవుతుంది. మెడికేర్ కూడా ఫ్రీ కాదు. ఇక్కడ ఏడున్నరేళ్లైనా పనిచేసి పన్ను కట్టనివాళ్లు 2026లో పార్ట్ ఏకి (ఆసుపత్రి ఖర్చు) నెలకి 565 డాలర్లు, పార్ట్ బికి (డాక్టర్ల ఖర్చు) 202.90 కట్టాలి. కొడుకు కట్టిన పన్ను లెక్కలోకి రాదు. అయినా ఉంచాలా వద్దా అన్నది ఆయన ఇంటి విషయం, మనమెవరం?

సాగర్_ఆస్టిన్:
ఖర్చు గురించి మాట్లాడితే ఆ ప్రశ్న రాకుండా ఎలా ఉంటుందండీ. మా నాన్న ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ. అలాంటివాళ్లకి ఏడాదంతా ప్రీమియం దండగే.

డాలస్_వెంకీ:
మావాళ్లకీ సంక్రాంతికి ఊరెళ్లాలని ఉంది. వెళ్లేటప్పుడు ప్లాన్ ఆపేసి, వచ్చాక మళ్లీ తీసుకోవచ్చా?

లెక్కల_మూర్తి:
ఆపేయవచ్చు, మళ్లీ తీసుకోవడమే కష్టం. వేరే దేశం నుంచి ఇక్కడికి మకాం మారితే 60 రోజుల గడువు ఇస్తారు గానీ, సెలవులకి ఊరెళ్లి రావడాన్ని మకాం మార్పు అనరు. అప్పుడు అందరికీ ప్లాన్లు తెరిచే నవంబరు 1 దాకా ఆగాలి, కవరేజ్ జనవరి నుంచి. నెల రోజుల ట్రిప్‌కి ఆపొద్దు. ఎక్కువ కాలం అక్కడే ఉంటే గ్రీన్‌కార్డ్‌కీ, మెడికేర్ ఐదేళ్ల లెక్కకీ కూడా చిక్కే. సాగర్ వాళ్ల నాన్నగారి సంగతి లాయర్‌ని అడగాల్సిందే.

డాలస్_వెంకీ:
సరే, నాన్నకి గోల్డ్ తీసుకుంటున్నా, అమ్మది ఇంకా తేల్చుకోలేదు. కవిత గారు చెప్పినట్టు ప్లాన్ పేరు కాగితం మీద రాసుకుని రేపు ఇద్దరు డాక్టర్లకి ఫోన్ చేస్తా. ఆ 60 రోజుల గడువు ఇంకో మూడు వారాలుంది.

లెక్కల_మూర్తి:
మూడు వారాలని ఆగకండి. ఈ నెలాఖరులోగా ఎంచుకుంటేనే వచ్చే నెల 1 నుంచి మొదలవుతుంది. ఎంచుకున్నంత మాత్రాన కాదు, మొదటి నెల ప్రీమియం కంపెనీకి కట్టాలి. వాళ్లు వచ్చిన తేదీకి పాస్‌పోర్ట్ మీద వేసిన స్టాంప్ పేజీ కూడా స్కాన్ చేసి దగ్గర పెట్టుకోండి, అడుగుతారు.