నిమ్మలో గజ్జి: కాపర్ రెండు దఫాలు కొట్టినా ఆగలా, బోర్డోకి చిగురు మాడింది

పొదలకూరు_నిమ్మ:
నాలుగేళ్ల తోట, రెండెకరాలు. లేతాకుల మీద, గోలీకాయంత పిందెల మీద గజ్జి (బాక్టీరియా తెగులు) మచ్చలు. కాపర్ ఆక్సీక్లోరైడ్ (రాగి మందు) లీటరుకు 3 గ్రాములు, నెలకొకసారి రెండు దఫాలు కొట్టించాం. పాత మచ్చలు పోలేదు, కొత్తవి ఆగలేదు. మూడోసారి బోర్డో (తుత్తం, సున్నం కలిపిన మందు) కొడితే చిగురు అంచులు మాడినై. తుత్తం (కాపర్ సల్ఫేట్) కిలో, సున్నం కిలో, నీళ్లు 100 లీటర్లు, కొలత తప్పలేదు. తప్పెక్కడన్నా? కూలి కలిసొస్తుందని 19-19-19 ఎరువు కూడా ఇందులోనే కలపొచ్చా?

తుత్తం_సున్నం:
కొలత సరే, సున్నం ఎట్టాంటిది? గడ్డసున్నమా, బస్తాలో పిండైపోయిందా?

పొదలకూరు_నిమ్మ:
పిండే. నాలుగైదు నెలల కిందట తెచ్చిన బస్తా.

తుత్తం_సున్నం:
దొరికింది దొంగ. గాలి తగిలి పిండైన సున్నంలో ఘాటు చచ్చిపోతుంది, కిలో వేసినా అరకిలో పని కూడా చెయ్యదు. తుత్తంలో పులుపు విరగక మిగిలి లేతాకును కాలుస్తుంది. నీళ్లు చల్లితే బుసబుసా పొంగే గడ్డసున్నమే తీసుకోండి.

200 లీటర్ల డ్రమ్ముకు తుత్తం 2 కిలోలు గుడ్డలో మూటగట్టి, 100 లీటర్ల నీళ్లలో పైపైన మునిగేట్టు రాత్రంతా వేలాడదీయండి. అడుగున పోస్తే తొందరగా కరగదు. ఇంకో 100 లీటర్లలో 2 కిలోల సున్నం విరగబోసి పలచటి గుడ్డలో వడగట్టండి, లేకపోతే నాజిల్ పూడుకుపోతుంది. తుత్తం నీళ్లను సున్నం నీళ్లలోకి పోస్తూ కర్రతో కలపాలి, తిరగేసి పోస్తే కణం ముతకై జారిపోతుంది. ఇనప బకెట్టు వాడొద్దు.

తోమిన కొడవలి మొన నిమిషం ముంచి తీయండి. ఎర్రగా రాగి పట్టిందంటే సున్నం చాల్లేదు. ఇంకాస్త కలిపి మళ్లీ ముంచండి. మెరుపు అట్టాగే ఉంటే కొట్టొచ్చు. కలిపిన రోజే అయిపోవాలి, రేపటికి మిగిల్చొద్దు.

చిగురు_చూపు:
పై మాటలు బోర్డోకి. అసలు గజ్జి ఆగకపోవడానికి కారణం వేరు. రాగి మాన్పే మందు కాదు, కాపలా మందు. పుట్టిన మచ్చ అట్టాగే ఉంటుంది, తడవని కొత్త చిగురుకు కాపలా లేదు. నెలకోసారి అంటే, మధ్యలో వచ్చిన చిగురంతా బాక్టీరియాకు వదిలేసినట్టే. చిగురు ముప్పావు వంతు విచ్చుకున్నప్పుడు ఒకసారి, పదిహేను రోజులకు ఇంకోసారి కొట్టండి. పిందెకు పూరేకులు రాలినప్పటి నుంచి దాదాపు మూడు నెలలు రక్షణ కావాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానకు గాలి తోడైతే చెట్టు నుంచి చెట్టుకు పాకేది అప్పుడే, కాబట్టి పెద్దవాన పడి తగ్గాక మళ్లీ కొట్టాల్సిందే.

లేతాకు మీద పాము పాకినట్టు తెల్లని గీతలున్నాయా చూడండి. అవి ఆకు తొలిచే పురుగు గీసినవి, ఆ దారిలోనే గజ్జి దిగుతుంది. ఆ పురుగును వదిలేసి కాపర్ ఎంత పోసినా దండగే. చిగురు మొదట్లోనే వేపనూనె లీటరుకు 5 మి.లీ. కొట్టండి, కాపర్‌తో కలపకుండా వేరే రోజు.

మచ్చలున్న కొమ్మలు ఎండ కాసే రోజు కత్తిరించి కాల్చేయండి. కోసిన చోట బోర్డో పేస్ట్ పూయండి: తుత్తం కిలో, సున్నం కిలో, నీళ్లు 10 లీటర్లు.

డ్రమ్ము_దగ్గర:
19-19-19 వద్దన్నా. అందులోని భాస్వరం బోర్డో సున్నంతో కలిస్తే విరిగి అడుక్కి దిగుతుంది. ఆక్సీక్లోరైడ్‌తో కలిపితే నీళ్లు పులిసి రాగి ఎక్కువ కరిగి, మళ్లీ ఆకే మాడుతుంది. ఒక్క ట్యాంకు కూలి చూసుకుంటే కాయ గ్రేడు పోయి అంతకు పదింతలు పోతుంది.

స్ట్రెప్టోసైక్లిన్ (బాక్టీరియాను చంపే యాంటీబయాటిక్) కలపమని కొట్టువాళ్లు చెప్తారు. అదే పనిగా వాడితే బాక్టీరియా దానికి అలవాటు పడుతుంది, జాగ్రత్త. ఇకపై కొత్త మొక్కలు పెట్టేటప్పుడు బాలాజీ రకం చూడండి, గజ్జిని కొంత తట్టుకుంటుంది.

పంపు కడిగిన నీళ్లు కాలవలో వదలొద్దు. కింద రొయ్యల గుంటలుంటే రాగి రొయ్యకు విషం. తోటలోనే ఖాళీ నేల మీద పోయండి.

పొదలకూరు_నిమ్మ:
గీతలున్నాయన్నా, ఇప్పుడే చూశా. గడ్డసున్నం రేపు తెస్తా.