ఆర్నెల్లలో మూడోసారి డ్రైనేజీ జామ్: తవ్వి మార్చాలా, క్లీన్ చేయిస్తూ నెట్టుకురావాలా?

విద్యానగర్ వాసి:
1987లో నాన్నగారు కట్టించిన ఇల్లు మాది. కింద మేము, పైన అద్దెకున్న కుటుంబం. వెనక బాత్రూం నుంచి గేటు దాకా 45 అడుగుల డ్రైనేజీ లైన్, అన్నీ పాత స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) పైపులు, మధ్యలో మూడు చాంబర్లు. జనవరి నుంచి ఇది మూడోసారి జామ్ కావడం. మొన్న ఆదివారం పైవాళ్లు వాషింగ్ మెషిన్ వేస్తే మా కింది బాత్రూంలో నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ) లోంచి నురగతో సహా మురికినీళ్లు తన్నుకొచ్చాయి. అమ్మకు 78 ఏళ్లు. చీకట్లో ఆ నీళ్లలో కాలు పెట్టి జారబోయింది, తలుపు పట్టుకుంది కాబట్టి సరిపోయింది.

ఇద్దరు మేస్త్రీలను పిలిచాను. ఒకాయన మొత్తం తవ్వి పీవీసీ వేయాల్సిందే అని లక్షా పది వేలు చెప్పాడు. రెండో ఆయన పైపులకేం కాలేదు, ఏడాదికి రెండుసార్లు పైపులోకి స్ప్రింగు పంపి క్లీన్ చేసే మెషిన్ పెట్టిస్తే చాలన్నాడు, ఒక్కసారికి మూడున్నర వేలు. మధ్యలో నేనే రెండు సీసాల యాసిడ్ కూడా పోశాను, లాభం లేదు. ఎవరి మాట వినమంటారు?

తార్నాక రిటైర్డ్:
తవ్వకండి బాబూ. మా ఇల్లు మీ ఇంటికంటే ఎనిమిదేళ్లు పాతది, ఇప్పటికీ అవే పైపులు. కాల్చిన మట్టి పైపు మీద గ్లేజు అంత తేలిగ్గా పోయేది కాదు. తప్పు పైపుది కాదు, మనం అందులోకి వదిలేవాటిది. అప్పడాలు వేయించిన నూనె వేడిగా సింకులో పోస్తాం, అది లోపల చల్లారి వెన్నలా గడ్డ కడుతుంది. దాని మీద గంజి, అన్నం మెతుకులు. పై అంతస్తు వాళ్లు ప్యాడ్లు, వెట్ వైప్స్ కమోడ్‌లో వేస్తున్నారేమో అడిగారా? మేం ఏటా మే నెలలో, వానలకు ముందు, ఒకసారి మెషిన్ పెట్టిస్తాం. మీరు ఏడాదికి రెండుసార్లు చేయించినా ఏడు వేలు. లక్షా పది వేలంటే పదిహేనేళ్ల ఖర్చు ముందే భూమిలో పాతినట్టు.

పైపుల పనోడు:
అన్నా, ఇద్దరు గూడ పైపు సూడకుండనే చెప్పిన్రు. నేను పదహారేండ్ల సంది ఇదే పని జేస్తున్న, సూడకుండ రేటు చెప్పేటోన్ని నమ్మకు.

ముందుగాల పైసల్ ఖర్చు లేని పని జెయ్. మళ్ల జామ్ అయితే మూడు చాంబర్ల మూతలు వరుసగ లేపు. మొదటి దాంట్ల నిండుగ నీళ్లుండి రెండోది ఎండి ఉంటే అడ్డం ఆ రెంటి మధ్యల పడ్డది. మూడు నిండి ఉంటే 155313కి ఫోన్ కొట్టి హైదరాబాద్ జలమండలోళ్లతోని రోడ్డు మీది మ్యాన్‌హోల్ తెరిపియ్. అది గూడ నిండుంటే తప్పు నీ ఇంట్ల లేదు, నువ్వు రూపాయి పెట్టకు. ఒక్క సింకే ఆగి మిగతావన్ని మంచిగ పోతుంటే దాని ట్రాప్‌ల ఏదో ఇరికింది, లైన్ ముట్టుడే అక్కర లేదు. గని పైన వాషింగ్ మెషిన్ ఏస్తే కింద పొంగుతుందంటే, ఫ్లష్ కొడితే పక్కన నహానీల గుడగుడ సప్పుడొస్తుందంటే, అది మెయిన్ లైనే.

తార్నాక సారూ, పైపు చెడదు, నిజమే. కాని స్టోన్‌వేర్ పైపు రెండడుగుల ముక్కలల్ల వస్తది. 45 అడుగులంటే ఇరవైకి పైన జాయింట్లు. చెడేది ఆ జాయింట్ల సిమెంటు.

ఇంకో మాట. యాసిడ్ పోసినవంటే మెషిన్ పెట్టేటోనికి ముందే చెప్పాలె. స్ప్రింగు గుంజినప్పుడు ఆ నీళ్లు మొహం మీద చిల్లుతయ్. మా తమ్ముని కన్ను అట్లనే పోయేటిది, దేవుని దయ. యాసిడ్ మీద బ్లీచింగ్ పౌడర్ అసలే పొయ్యొద్దు, క్లోరిన్ గ్యాస్ లేస్తది.

మలక్‌పేట కోడలు:
క్లీన్ చేయిస్తూ పోతే చాలనే మాట మేమూ నాలుగేళ్లు నమ్మాం. ఆ నాలుగేళ్లలో మా లైన్ జామ్ అయింది రెండుసార్లే. కాబట్టి బాగానే ఉందనుకున్నాం. గోడ వారన ఒక పక్క ఎండాకాలంలో కూడా గడ్డి పచ్చగా ఉండేది, అక్కడ టైల్ కొంచెం కుంగింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆ చోటుకీ మా సంపుకీ మధ్య నాలుగడుగుల దూరం.

మా చిన్నవాడికి కామెర్లు వచ్చాయి. తర్వాత మా అత్తగారికి. డాక్టరు నీళ్లు పరీక్ష చేయించమంటే చేయించాం, సంపు నీళ్లలో మలం బ్యాక్టీరియా ఉందని వచ్చింది. అప్పుడు తవ్వితే పైపు జాయింటు దగ్గర నా అరచేయి పట్టేంత సందు. సంపు గోడకు వెంట్రుకంత బీట.

అంకుల్ గారూ, మీరు జామ్‌లు లెక్కపెడుతున్నారు. కారే పైపు జామ్ అవ్వాలని లేదు, నీళ్లు మట్టిలోకి పోతుంటే ఇంకా తేలిగ్గా పోతున్నట్టే కనిపిస్తుంది. మన ఊళ్లో నల్లా రోజంతా రాదు. నీళ్లు ఆగిపోయాక నల్లా పైపులో ఒత్తిడి ఉండదు, పక్కన మురుగు నిలిస్తే బీటల్లోంచి లోపలికి లాక్కుంటుంది. 2009లో భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి మనుషులు చనిపోయారు, మరిచిపోయామా? ఆయన ఇంట్లో 78 ఏళ్ల పెద్దావిడ ఉన్నారు. దయచేసి పదిహేనేళ్ల లెక్క చెప్పకండి.

తార్నాక రిటైర్డ్:
అమ్మా, మీ బాబు ఇప్పుడు కులాసాగా ఉన్నాడా? సంపు సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ మీ ఇంట్లో చెడింది ఒక జాయింటు. దానికి 45 అడుగులూ తవ్వాలా అన్నదే నా ప్రశ్న. మేస్త్రీ లక్షకు పైగా అడిగితే భయంతో ఒప్పుకునేవాళ్లను చాలామందిని చూశాను.

కూకట్‌పల్లి సెక్రటరీ:
వానాకాలంలోనే పొంగే ఇళ్లవాళ్లు ఒకటి చూసుకోండి. మా అపార్ట్‌మెంట్‌లో టెర్రస్ వాననీళ్ల పైపును బిల్డర్ తీసుకెళ్లి డ్రైనేజీ చాంబర్‌లో కలిపేశాడు. గంట వాన పడితే సెల్లార్ లోకి మురుగు. ఆ పైపు విడదీసి ఇంకుడు గుంతకు మళ్లించాం, అంతే. రోడ్డు కంటే పల్లంలో ఉన్న ఇళ్లకు చివరి చాంబర్‌లో నాన్ రిటర్న్ వాల్వ్ (మురుగు వెనక్కి రాకుండా ఆపేది) కూడా అవసరం.

విద్యానగర్ వాసి:
మాది వానతో సంబంధం లేదండీ, ఎండాకాలంలోనే ఎక్కువ. పనోడు అన్న చెప్పినట్టు మూతలు లేపి చూశాను. మొదటిది, రెండోది నిండి ఉన్నాయి, గేటు దగ్గరి మూడోది పొడిగా ఉంది. రెండోదానికీ మూడోదానికీ మధ్యలోనే అమ్మ నాటిన వేపచెట్టు. పక్కింటాయన ముందు చెట్టు కొట్టేయమంటున్నాడు.

ఇంకో సంగతి. రెండో మేస్త్రీ ఒక కుర్రాణ్ని వెంటబెట్టుకుని వచ్చి, "వీణ్ని రోడ్డు మీది మ్యాన్‌హోల్‌లోకి దింపుతా, అటునుంచి పొడిస్తే ఊడుతుంది, ఐదు వందలివ్వండి" అన్నాడు.

మలక్‌పేట కోడలు:
చెట్టు కంటే ముందు ఆ పిల్లవాడి సంగతి. దింపనివ్వకండి, ఎంత తొందరైనా సరే. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కొంచెముంటే కుళ్లిన గుడ్ల వాసన, ఎక్కువైతే ముక్కుకు వాసనే తెలియదు, మనిషి అక్కడికక్కడే పడిపోతాడు. కాపాడబోయిన రెండోవాడూ పోతాడు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం, మొదటి తప్పుకే రెండేళ్ల వరకు జైలు. ఇలా చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ ఆ డబ్బు ఏ తల్లికి కావాలి?

పైపుల పనోడు:
అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు. నేను గూడ మొదట్ల దిగినోన్నే. ఇప్పుడు మా అమ్మ ఒట్టు పెట్టిచ్చుకుంది.

చెట్టు కొట్టకు అన్నా. వేరు మంచి పైపును పగలగొట్టుకోని రాదు, తడి ఏడ కారుతుందో ఆడికి పోతది. వెంట్రుకంత సందుల దూరి లోపల బలుస్తది. మెషిన్‌తోని కోస్తే మళ్ల ఇంకింత గుబురుగ వస్తది. అందుకే నీకు రెండు నెలలకోసారి. చెట్టు కొట్టాల్నంటే వాల్టా (నీళ్లు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి గూడ కావాలె, కొట్టినా సందు సందు లెక్కనే ఉంటది. కెమెరా పెట్టి సూపిచ్చుకో, గా ఖర్చు దండుగ కాదు.

విద్యానగర్ వాసి:
నిన్న కెమెరా పెట్టించాం, యాసిడ్ సంగతి ముందే చెప్పాను. రెండో చాంబర్ నుంచి వైరు లోపలికి పోతుంటే నేనూ అమ్మా ఫోన్ తెర మీద చూస్తున్నాం. ఆరడుగుల దాకా పైపు శుభ్రంగా, గోధుమరంగులో మెరుస్తూ ఉంది. తొమ్మిదో అడుగు దగ్గర కొబ్బరి పీచులా వేళ్ల కుచ్చు, దానికి తెల్లగా జిడ్డు పట్టి ఉంది. అది దాటాక పైపు కుంగి కెమెరా నీళ్లలో మునిగింది, మళ్లీ నాలుగడుగుల తర్వాత తేలింది. మొదటి రెండు చాంబర్ల మధ్య లైన్‌లో మాత్రం ఎక్కడా తప్పు లేదు. తార్నాక సార్ చెప్పిన జిడ్డూ నిజమే, మలక్‌పేట అక్క చెప్పిన సందూ నిజమే.

రెండో చాంబర్ నుంచి మూడోదాని దాకా 20 అడుగులే మారుస్తున్నాం. ఆ కుంగిన చోటు నుంచి సంపు పదకొండు అడుగులు, అయినా నీళ్లు పరీక్షకు ఇచ్చాను. చెట్టు ఉంటుంది.

తార్నాక రిటైర్డ్:
20 అడుగులంటే నాకు అభ్యంతరం లేదు. పైపు లోపలే లైనింగ్ వేస్తారంటున్నారు కదా, టైల్స్ పగలగొట్టకుండా అది కుదరదా?

పైపుల పనోడు:
కుదరది సారూ. లైనింగ్ పైపు ఎట్లుంటే అట్లనే అతుకుతది, కుంగిన కాడ కుంగే ఉంటది, నీళ్లు అట్లనే నిలుస్తయ్.

అన్నా, పని నడుస్తుంటే నువ్వు పక్కన నిలబడు. నాలుగు అంగుళాల పైపుకు 40 అడుగులకు ఒక అడుగు వాలు, అంటే నీ 20 అడుగులకు ఆరంగుళాలు. నీళ్ల లెవెల్ పైపు పెట్టి కొలువమను, కంటితోని కాదు. పైపు కింద ఇసుక పరుపియ్, రాళ్ల మీద పెడితే మళ్ల కుంగుతది. మట్టి కప్పకముందే కింది మూతి బిగిచ్చి పైపు నిండ నీళ్లు నింపి పొద్దుమీకి దాక ఉంచు. నీళ్లు ఒక్క అంగుళం దిగినా కప్పనియ్యకు, జాయింట్లన్ని మళ్ల సూడమను.