స్టోరీబోర్డులో పాత టెంప్లేట్లు లాగి పెట్టడం: పని తెలివా, పని ఎగవేతా?

గీతల గోపాలం:
మా చోట ఈ మధ్య కొత్త రూల్ వచ్చింది. పిల్లల టీవీ కార్టూన్ సిరీస్‌కి స్టోరీబోర్డ్ ప్రో అనే సాఫ్ట్‌వేర్‌లో బోర్డులు, అంటే షాట్ల వరసని బొమ్మలుగా, వేస్తాం. ఇకమీదట ఏ ప్యానెల్ (బోర్డులో ఒక్కో బొమ్మ) అయినా ముందు లైబ్రరీ, అంటే ఇదివరకు గీసి దాచిన టెంప్లేట్లు, తెరిచి దగ్గరి పోజ్ ఉందేమో వెతకాలట, ఉంటే అదే లాగి పెట్టాలట, లేకపోతేనే కొత్తగా గీయాలట. క్యారెక్టర్ మోడల్, బ్యాక్‌గ్రౌండ్ దాచుకోవడం మీద నాకేం పేచీ లేదు, అదే ఇల్లు అదే వీధి ప్రతిసారీ గీయమని ఎవరంటారు. పోజులూ, షాట్ కూర్పూ కూడా టెంప్లేటే అంటేనే ఒళ్ళు మండుతోంది. సీన్‌కి ఏం కావాలో కాదు, మన దగ్గర ఏముందో చూసుకుని షాట్ పడుతోంది. ఎపిసోడ్లు వరసగా పెట్టుకుని చూస్తే అందరూ త్రీ క్వార్టర్ వ్యూలో (కాస్త పక్కకి తిరిగి), నడుం మీద చెయ్యి, కెమెరా సరిగ్గా కళ్ళ ఎత్తులో. అమ్మ తిట్టినా అదే, దొంగ దొరికినా అదే. మీరేమంటారు?

డెడ్‌లైన్ దాసు:
అన్నా, నువ్వు చెప్పేది వినడానికి బావుంది, షెడ్యూల్ షీటే వినదు. టీవీ యానిమేషన్ నిలబడిందే మళ్ళీ వాడుకోవడం మీద. 1957లో అమెరికా కార్టూన్ దర్శకులు హన్నా, బార్బెరా సొంత కంపెనీ పెట్టుకున్నప్పుడు టీవీ వాళ్ళిచ్చే డబ్బు థియేటర్ కార్టూన్ల బడ్జెట్‌లో ఓ మూలకి కూడా వచ్చేది కాదు. వాళ్ళ ఎలుగుబంటి పాత్ర యోగి బేర్ మెడకి కాలరూ టైయూ ఎందుకున్నాయనుకున్నావ్, స్టైల్‌కా? తల ఒక సెల్ (బొమ్మ గీసే పారదర్శకమైన షీటు) మీద, ఒళ్ళు ఇంకో సెల్ మీద పెట్టి అతుకు కనపడకుండా చేయడానికి. ఒళ్ళు అలాగే ఉంటుంది, తల మారుస్తారు. జపాన్‌లో 1963లో ఆస్ట్రో బాయ్ వారం వారం టీవీలో వచ్చిందంటే, దాన్ని సృష్టించిన తెజుకా వాళ్ళు గీసిన షాట్లు దాచి మళ్ళీ మళ్ళీ వాడిన ‘బ్యాంక్’ పద్ధతి కూడా ఒక కారణం. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అంటే ఎలా?

గీతల గోపాలం:
నీ యోగి ఉదాహరణ నా వైపే వాదిస్తోంది తమ్ముడూ. ఒళ్ళు మళ్ళీ వాడారు సరే, తల ఎందుకు మార్చారు? నటన అక్కడుంది కాబట్టి. ఏది దాచుకోవాలో, ఏది కొత్తగా గీయాలో ముందే తేల్చుకుని, దానికి తగ్గట్టు క్యారెక్టర్‌నే డిజైన్ చేశారు. మావాళ్ళు తలతో సహా లైబ్రరీలోంచి తీయమంటున్నారు.

రిగ్ రమణి:
ఇద్దరూ చరిత్ర చెప్పుకుంటున్నారు, పని దగ్గరకొద్దాం. నేను హార్మొనీ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో రిగ్గులు (కదిలించడానికి వీలుగా ముక్కలు కలిపి కట్టిన పాత్రలు) చేస్తాను, టెంప్లేట్లు లేకపోతే నా పనే లేదు, అయినా గోపాలం గారి వైపే సగం మొగ్గుతాను. టెంప్లేట్‌ని సీన్‌లోకి లాగితే వచ్చేది కాపీ. తర్వాత లైబ్రరీలో మాస్టర్‌ని సరిచేసినా, ఆల్రెడీ లాగేసిన సీన్లలో పాతదే ఉంటుంది. హీరో బెల్టు రంగు మారిందని డైరెక్టర్ చెప్పినప్పుడు ఈ సంగతి తెలిసొస్తుంది. ఇక బోర్డులో అందరూ చేసే పని, పోజ్ కుడివైపు చూస్తోంది, మనకి ఎడమ కావాలి, ఫ్లిప్ కొట్టేయడం, అంటే అద్దంలో లాగా తిప్పేయడం. చీర కట్టుకున్న పాత్రని అలా తిప్పితే పైట కుడి భుజం మీదికి పోతుంది! గుజరాతీ కట్టు అయితే సరే, మన కథలో అమ్మమ్మకి కాదు కదా. చొక్కా జేబు అటు మారుతుంది, గుడిలో దండం పెట్టి హారతి ఎడం చేత్తో కళ్ళకద్దుకుంటుంది. క్లయింట్ ఎక్కడో బయటి దేశంలో ఉంటే పట్టించుకోడు, ఇక్కడి ప్రేక్షకుడు మొదటి సెకన్లోనే పట్టేస్తాడు. ఫ్లిప్ చేయడం, మళ్ళీ పైట సరిచేయడం, హొరైజన్ లైన్ కలవక కాళ్ళు నేల మీద ఆనకపోతే వాటిని సరిచేయడం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఆ టైమ్‌లో బోర్డ్ ఆర్టిస్ట్ రఫ్‌గా నాలుగు గీతల్లో కొత్తది గీసేస్తాడు.

వాక్ సైకిల్ (ఒకసారి చేసి మళ్ళీ మళ్ళీ తిప్పే నడక) అయితే వేరే సంగతి. సెకనుకి 24 ఫ్రేములు, అడుగుకి 12 అని పెట్టి ఒకసారి బాగా చేసుకుంటే ఏళ్ళ తరబడి పనికొస్తుంది. అక్కడా బ్యాక్‌గ్రౌండ్ జరిగే దూరం అడుగు పొడవుతో కలవకపోతే మనిషి ఐస్ మీద జారినట్టు ఉంటాడు, అది వేరే గోల.

డెడ్‌లైన్ దాసు:
అక్కా, పైట పాయింట్ ఒప్పుకుంటా. చీర ఉన్న పాత్రలకి రెండు వైపులా పోజులు గీసి లైబ్రరీలో పెడితే సరిపోతుంది. సరైన టెంప్లేట్లు లేకపోవడం టెంప్లేట్ల తప్పు కాదు. అంత పెద్ద డిస్నీయే 1973లో రాబిన్ హుడ్‌లో డాన్సుకి 1937 నాటి స్నో వైట్ కదలికలు తీసి వాడుకుంది, ఖర్చు కలిసొస్తుందని.

పాత సెల్లు:
ఖర్చు కోసమేనన్న మాట దగ్గర ఆగాలి. అక్కడ పనిచేసిన ఫ్లాయిడ్ నార్మన్ చెప్పింది దానికి ఎదురు. పాత డ్రాయింగులు వెతికి తీసి, కొత్త పాత్రల మీదికి ఎక్కించే కంటే తాజాగా గీయడమే తేలికని ఆయన మాట. ఆ సినిమా డైరెక్టర్ రైతర్‌మన్‌కి ఇదివరకు పండిన సన్నివేశం మీద నమ్మకం ఎక్కువ, అందుకే వాడాడట. అంటే అది టైమ్ మిగిల్చే పని కాదు, రిస్క్ తగ్గించుకునే పని. మీ మేనేజర్లకీ అదే భయం అయి ఉండొచ్చు, పైకి మాత్రం టైమ్ అంటారు.

ఇంటినుంచే బోర్డు:
చిన్న సందేహం, టాపిక్ కొంచెం పక్కకి. నేను ఫ్రీలాన్స్. ఒక స్టూడియో ప్రాజెక్టులో నేను గీసిన చేతులు, కళ్ళు నా లైబ్రరీలో దాచుకుని ఇంకో చోట వాడితే తప్పా? చేతులే కదా, ఏ పాత్రవీ కావు.

రిగ్ రమణి:
కాంట్రాక్టు చదువుకో తల్లీ. ప్రాజెక్టులో గీసినవన్నీ స్టూడియోవే అని మామూలుగా రాసి ఉంటుంది, చేతులకి మినహాయింపు ఉండదు. నీ ఖాళీ టైమ్‌లో, నీ ఫైల్‌లో విడిగా గీసుకున్నవైతే నీవి.

గీతల గోపాలం:
మావాళ్ళకి ఇలా చెప్దామనుకుంటున్నా. థంబ్‌నెయిల్ రౌండ్‌లో (మొదట వేసే చిన్న రఫ్ బొమ్మల్లో) లైబ్రరీ ముట్టుకోకూడదు. డైరెక్టర్ ఓకే అన్నాక క్లీనప్‌లో (రఫ్‌ని శుభ్రంగా గీసేటప్పుడు) బ్యాక్‌గ్రౌండ్, ప్రాప్స్ (సీన్లో వాడే వస్తువులు), మోడల్ సైజులు ఎన్నైనా లాక్కోవచ్చు. మొహం, చేతులు మాత్రం ఆ సీన్‌కి గీయాల్సిందే.

డెడ్‌లైన్ దాసు:
చెప్పు అన్నా, కానీ థంబ్‌నెయిల్‌కి విడిగా రోజులు ఎక్కడివని అడుగుతారు. ఒకే సీక్వెన్స్‌ని ఒకరు నీ పద్ధతిలో, ఇంకొకరు లైబ్రరీతో చేసి, రిటేక్స్‌తో (తిప్పి పంపితే మళ్ళీ చేసిన పనితో) సహా గంటలు రాసి చూపించు. రిటేక్స్ కలపకుండా చూపిస్తే నేనే గెలుస్తా.