డి-డైమర్ రక్తపరీక్షలో 620 వచ్చింది, అమ్మకు సీటీ స్కాన్ తప్పదా?

మాది కావలి. అమ్మకు 68 ఏళ్లు. మొన్న సాయంత్రం నుంచి గట్టిగా ఊపిరి పీలిస్తే కుడి డొక్కలో పోటు, మెట్లెక్కితే కొంచెం ఆయాసం. ఈసీజీ, ఎక్స్‌రే బాగానే ఉన్నాయి. కాళ్ల వాపు లేదు, ఈమధ్య ఆపరేషన్లేవీ జరగలేదు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ ఉండే అవకాశం తక్కువేనని, అయినా అనుమానం తీరాలని డాక్టరు గారు డి-డైమర్ రాశారు.

620 వచ్చింది. 500 లోపు ఉండాలట. పక్కన ‘ఎక్కువ’ అని చూసిన దగ్గర్నుంచి నాన్న అన్నం ముట్టలేదు.

యాభై దాటినవాళ్లకు వయసును పదితో గుణించి హద్దు చూస్తామని, అమ్మకు అది 680 కాబట్టి గడ్డ లేనట్టేనని డాక్టరు గారన్నారు. నెల్లూరులో చూపిస్తే ఇంకొకరు సీటీ యాంజియో (ఊపిరితిత్తుల రక్తనాళాల స్కాన్) తీయించమన్నారు. అమ్మకు షుగరు ఉంది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6. సీటీకి ఎక్కించే మందు కిడ్నీల మీద పడుతుందేమోనని నాకు టెన్షన్.

అసలు సందేహం యూనిట్ల గురించి. డి-డైమర్‌ను ఎఫ్‌ఈయూ, డీడీయూ అని రెండు రకాల యూనిట్లలో ఇస్తారట. ఈ వయసు లెక్క ఎఫ్‌ఈయూలో ఇచ్చిన అంకెకేనని, డీడీయూ అయితే దాదాపు రెట్టింపు చేసి చూడాలని చదివాను. మా రిపోర్టులో ఎన్‌జీ/ఎంఎల్ అని మాత్రమే ఉంది. హద్దు 500 అని ఇచ్చారంటే ఎఫ్‌ఈయూ అనుకోవచ్చా, ల్యాబునే అడగాలా? తెలిసినవాళ్లు, ముఖ్యంగా డాక్టర్లు, ల్యాబుల్లో పనిచేసేవాళ్లు దయచేసి చెప్పండి. ఆయాసం పెరిగితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లడానికి కారు మాట్లాడి ఉంచాం.