తీసేసింది కంపెనీ, తప్పు నాదంటున్నారు: అన్‌ఎంప్లాయ్‌మెంట్ అప్పీలు ఎలా? (టెక్సస్)

ఇర్వింగ్ నుంచి:
అందరికీ నమస్కారం. నేను హెచ్-4 ఈఏడీ (డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్లకిచ్చే పని అనుమతి కార్డు) మీద ఒక చిన్న కంపెనీలో ఏడాదిన్నర పనిచేశాను. పోయిన నెల తీసేశారు. అన్‌ఎంప్లాయ్‌మెంట్‌కి (ఉద్యోగం పోయినవాళ్లకిచ్చే భృతికి) అప్లై చేస్తే, నేను పనిలో తప్పు చేశానని కంపెనీవాళ్లు రాశారట. డబ్బు రాదని, ఈ భృతి చూసే రాష్ట్ర ఆఫీసు టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ నుంచి ఉత్తరం వచ్చింది. నాకు మాత్రం వాళ్లు చెప్పింది పని వేగం చాలడం లేదనే. అప్పీలు వేస్తే రేపు గ్రీన్‌కార్డుకి అడ్డమేమోనని మావారికి టెన్షన్. ఏం చేయమంటారు?

ప్లేనో నుంచి:
అమ్మా, ముందు ఆ ఉత్తరం మీద మెయిల్ చేసిన తేదీ చూడు. అప్పీలుకి గడువు ఆ తేదీ నుంచి 14 రోజులు, శని ఆదివారాలు కలుపుకొని. నీ చేతికి అందిన రోజుతో పనిలేదు. మనవాళ్లు మెయిల్‌బాక్సు వారానికోసారి తెరుస్తారు కదా, సగం గడువు అందులోనే పోతుంది. ఫోన్లో చెబితే అప్పీలు కాదు, ఈమెయిల్ కూడా చెల్లదు. ఆన్‌లైన్లో వెయ్యి, లేదంటే ఫ్యాక్స్ గానీ పోస్టు గానీ చెయ్యి. ఫలానా తేదీ నిర్ణయాన్ని ఒప్పుకోవడం లేదు, ఇందుకు, అని నాలుగు ముక్కలు రాస్తే చాలు.

అసలు సంగతి ఇది. అప్పీలు నడుస్తున్నన్నాళ్లూ పేమెంట్ రిక్వెస్ట్ (గడిచిన వారాల డబ్బు ఇమ్మని కమిషన్‌ని అడగడం) ఆపకూడదు. రెండు వారాలకోసారి నీకిచ్చిన రోజున అడుగుతూనే ఉండు. ఎలాగూ లేదన్నారు, ఇంకెందుకులే అని నేను ఆపేశాను. తర్వాత అప్పీలు గెలిచాను. అడగని నాలుగు వారాలకు పైసా రాలేదు! గెలిచినా, అడిగిన వారాలకే ఇస్తారు. తప్పు నాదే, ఎవర్నీ అనడానికి లేదు. ఉద్యోగం కోసం ఎక్కడెక్కడ అప్లై చేశావో కూడా ఏ వారానికి ఆ వారం రాసిపెట్టుకో, అడిగితే చూపించాలి.

అప్పీలు మీద హియరింగ్ (రెండు వైపులా వినే విచారణ) ఫోన్లోనే. నోటీసులో ఎలా కలవమన్నారో అక్షరం వదలకుండా చదువు. వాళ్లే చేస్తారులే అని కూర్చుంటే ఆ రోజు కాస్తా పోతుంది. నీ దగ్గరున్న కాగితాలు ముందుగానే హియరింగ్ ఆఫీసరుకీ, కంపెనీకీ ఇద్దరికీ పంపాలి. వేగం గురించి మేనేజరు రాసిన ఈమెయిళ్లు ఉన్నాయా? అవే నీకు బలం. చేతనైనంత చేసినా పని చాలకపోవడం ఒకటి, కావాలని నిర్లక్ష్యం చేయడం ఇంకొకటి. తప్పు చేశావన్నది వాళ్లు, కాబట్టి చూపించాల్సిందీ వాళ్లే. కళ్లారా చూసినవాళ్లు మాట్లాడుతున్నారా, హెచ్ఆర్ నుంచి ఎవరో విన్నది చెబుతున్నారా అన్నది గమనించు. మావారు మాట్లాడతారు అని మాత్రం అనకు, జరిగింది తెలిసింది నీకు. ఇంగ్లిష్ తడబడుతుందనిపిస్తే ఇంటర్‌ప్రెటర్ని ముందే అడుగు, డబ్బు తీసుకోరు.

ఇక్కడ ఓడితే కమిషన్‌కి ఇంకో అప్పీలు ఉంది. దానికీ 14 రోజులే.

ఫ్రిస్కో నుంచి:
గ్రీన్‌కార్డు భయం వద్దని మీవారికి చెప్పండి. ఇది కంపెనీలు కట్టే పన్నుతో నడిచే ఇన్సూరెన్సు, పబ్లిక్ చార్జి (ప్రభుత్వ సాయం మీద బతికేవాళ్లు అన్న) లెక్కలోకి రాదు. ఆయనది హెచ్-1బీ అయితే ఆయన ఉద్యోగం పోయినప్పుడు కథ వేరు. ఆ వీసా ఒకే కంపెనీకి కట్టేసి ఉంటుంది కాబట్టి "పనికి సిద్ధంగా ఉన్నారా" అన్న ప్రశ్న దగ్గరే చిక్కు పడుతుంది. మీకు ఈఏడీ ఉంది, దాని గడువు మాత్రం చూసుకోండి. ఇంకోటి, ఈ డబ్బుకి ఫెడరల్ టాక్సు ఉంటుంది. 10 శాతం ముందే పట్టుకోమని చెప్పొచ్చు. మేం చెప్పలేదు, 1099-జీ (ఏడాదిలో ఎంత డబ్బు ఇచ్చారో చూపే టాక్సు ఫారం) వచ్చాక ఏప్రిల్‌లో టాక్సు కట్టేటప్పుడు ఏడ్చాం.

ఇర్వింగ్ నుంచి:
చాలా థాంక్సండీ. చూస్తే ఇవాళ్టికి 9వ రోజు! రాత్రికే వేసేస్తాను. మధ్యలో ఉద్యోగం దొరికితే అప్పీలు వదిలేయాలా?

ప్లేనో నుంచి:
వదలకు. చేరేదాకా నువ్వు అడిగిన వారాల డబ్బు గెలిస్తే నీదే. చేరిన వారం ఎంత సంపాదించావో ఆ వారానికే చెప్పు, చెక్కు రెండు వారాల తర్వాత వచ్చినా సరే. మొదటి వారాన్ని వెయిటింగ్ వీక్ అంటారు, దాని డబ్బు వెంటనే రాదు. అద్దె లెక్కలో దాన్ని కలుపుకోకు. ఆన్‌లైన్లో వేశాక కన్ఫర్మేషన్ పేజీ ప్రింట్ తీసి పెట్టుకో.